జత: రెండు కాగితాలు

ప్రియమైన అమ్మకు,

"ప్రియమైన" అన్న మాట ఒకసారి కొట్టేసి మళ్ళీ రాశాను. అలవాటు చావదు కదా. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, అసలు మాట అలాగే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం. నా స్నేహితురాలి గదిలో ఉన్నాను. తింటున్నాను, బెంగపడకు.

ఈ పొద్దున క్లాసులో ఉండగా మీ కాలేజీ ఆఫీసు బంట్రోతు తాత వచ్చి, నా చేతిలో ఒక కవరు పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఈ ఏడాది పరీక్షలు రాయనివ్వరట. "అతిథి దేశ గౌరవానికి భంగం కలిగించినందుకు" అట. క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తారట. అంతవరకూ నవ్వుకుంటూనే చదివాను. అప్పుడు కింద ఎడమ మూల నీ పొడి అక్షరాలు కనిపించాయి. టైపు కొట్టినవాళ్ళు వేసే ఆ రెండక్షరాలు. చిన్నప్పుడు నీ కుర్చీ పక్కన నిలబడి వేలు పెట్టి చదివిన అక్షరాలు. కంచే చేను మేస్తుందని విన్నాను గానీ, మేసి కింద గుర్తు కూడా వేసి వెళ్తుందని ఇవాళే తెలిసింది.

మేం చేసిన నేరం ఏమిటమ్మా? కాలేజీ కొత్త గ్రంథాలయం ప్రారంభించడానికి ఆ అతిథి దేశపు మంత్రిని పిలిచారు. ఆ దేశంలో పన్నెండు మంది విద్యార్థులు పది నెలలుగా జైల్లో ఉన్నారు. కనబడకుండా పోయినవాళ్ళ పేర్లు వీధిలో నిలబడి పైకి చదివారు, అంతే. వాళ్ళలో ఒక పిల్లది నా వయసే. వాళ్ళమ్మను కూడా చూడనివ్వడం లేదు. మేం తొమ్మిది మందిమి ఆ పన్నెండు పేర్లూ అట్టల మీద రాసి గేటు దగ్గర నిలబడ్డాం. చేతులు చాలక ముగ్గురం రెండేసి పట్టుకున్నాం. నినాదం లేదు, రాయి లేదు. అక్కడ నోరు విప్పినవాళ్ళను జైల్లో పెట్టిన మనిషి ఇక్కడ పుస్తకాల గది ముందు రిబ్బను కత్తిరిస్తాడు! ఆయనకు లేకపోతే పోయింది, పిలిచినవాళ్ళకైనా సిగ్గుండొద్దూ?

ప్రిన్సిపాల్ గారేమో "పరాయి దేశం గొడవ మనకెందుకు? ముందు మన ఇల్లు చక్కబెట్టుకోండి" అన్నారు. పోయినేడు హాస్టల్లో నీళ్ళు రావడం లేదని మన ఇంటి గొడవే అడిగితే బయటికి గెంటింది ఎవరు? ఇక విలేకరుల ముందు గుండె మీద చెయ్యేసుకుని "ఏ దేశం నుంచీ నాకు కాగితం ముక్క రాలేదు, ఇది మా సొంత నిర్ణయం" అన్నారు. అబద్ధమని మాకు తెలుసు. రుజువు లేదు. ఎల్లుండి పాలకమండలి ముందు మా మాట చెప్పుకోవాలి. వట్టి చేతులతో వెళ్తే తొమ్మిది మందికీ ఏడాది పోయినట్టే.

పక్కింటాయన పెళ్ళాన్ని కొడుతుంటే గరిటె పట్టుకుని వెళ్ళి వాళ్ళ తలుపు బాదింది నువ్వు. "వాళ్ళింటి గొడవ మనకెందుకు" అని అందరూ అంటున్నా వినలేదు. గేటు దగ్గర నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గరిటే. ఆ అమ్మ ఎక్కడికి పోయిందమ్మా? ఒక్క పూట సెలవు పెట్టలేకపోయావా?

ఈ కవరు నా దగ్గర ఉండనివ్వను. తిప్పి పంపుతున్నాను. నీ చేతి పని నువ్వే దాచుకో.

ఎంత కాదనుకున్నా నీ కూతురు

*

నా తొందరమ్మకు,

నీ ఉత్తరం, కవరూ తాత తెచ్చిచ్చాడు. మూడుసార్లు చదివాను. రెండుసార్లు ఏడ్చాను, ఒకసారి నవ్వాను. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. మొదటి ప్రశ్న చదవగానే జవాబు రాయడం మొదలుపెట్టేదానివి, పేజీ తిప్పేదానివే కాదు. ప్రిన్సిపాల్ మీద కోపం నా మీద చూపించావు. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. సరే, దుత్త పగల్లేదులే.

నా పొడి అక్షరాలు చూశావు. వాటి పై వరుస చూశావా? "జత: రెండు కాగితాలు" అని ఉంది. వెనక గుండుసూదితో గుచ్చిన కాగితాలు గుచ్చినట్టే తిరిగొచ్చాయి. ఆ కవరే మళ్ళీ పంపుతున్నాను. ఈసారైనా తిప్పు.

మొదటిది ఆ దేశపు రాయబార కార్యాలయం ప్రిన్సిపాల్‌కి రాసిన ఉత్తరం. "ఈ క్రింది తొమ్మిది మందిపై చర్య తీసుకోని పక్షంలో" అని మొదలవుతుంది. రెండో కాగితం మీ పేర్ల జాబితా. మీ ఫొటోలు చూపించి ఇక్కడివాళ్ళతోనే పేర్లు రాయించుకున్నారు. నువ్వు ఆరో నంబరువి. కన్నబిడ్డకు ఎవరో పరాయివాడు నంబరు వేస్తే ఎలా ఉంటుందో చెప్పలేనే. ఆ పక్కనే మన ప్రిన్సిపాల్ గారి చేతిరాత, "వెంటనే అమలు చేయండి" అని, తేదీతో సహా. కాగితం ముక్క రాలేదన్న పెద్దమనిషి!

సెలవు పెట్టొచ్చు. పెడితే పక్క సీటాయన కొట్టేవాడు, జత చేయమనలేదు కాబట్టి చేసేవాడు కాదు. ఏ కాగితాన్ని బట్టి ఉత్తర్వు పుట్టిందో ఆ కాగితం జత చేయాలన్నది ఇరవై రెండేళ్ళుగా నేను పాటిస్తున్న నిబంధన. ప్రిన్సిపాల్ గారు నాకు ఫైలు మొత్తం ఇచ్చి "తొందరగా పంపండి" అన్నారు. తొమ్మిదింటికీ గుచ్చి సంతకానికి పెట్టాను. ఆయన కూడా నీలాగే, పేజీ తిప్పే రకం కాదు. మిగతా ఎనిమిదీ నిన్న మధ్యాహ్నం టపాలో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నీది మాత్రం అందరికంటే ముందు అందాలని తాత చేతికిచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇక పొడి అక్షరాలంటావా, వేయకుండా వదిలేయొచ్చు, ఎవరూ అడగరు. రేపు "ఇవి గుచ్చింది ఎవరు" అంటే ఆ ముసలి తాత మెడకో, పక్క సీటాయన మెడకో చుట్టుకుంటుంది. అందుకే కావాలనే వేశాను. ఆ రోజు చేతిలో గరిటె ఉంది, ఈసారి కాగితం ఉంది. అమ్మ ఎక్కడికీ పోలేదు.

ఎప్పటిలాగే ఉత్తర్వు నకలు ఒకటి, జతతో సహా, పాలకమండలి అధ్యక్షుడికి వెళ్ళింది. ఆయన పేజీ తిప్పారు. ఇవాళ ప్రిన్సిపాల్ నా సీటు దగ్గరికొచ్చి అందరి ముందూ "ఎవరు చేశారీ పని?" అని అరిచారు. "నేనేనండీ. జత అని రాసిన దాని మీద మీరే సంతకం చేశారు కదండీ" అన్నాను. నాకు మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం ఉండదట. ఆయనకు టైపు రాదు కదా, ఆ మెమో కూడా నాతోనే కొట్టించారు. తప్పుల్లేకుండా కొట్టి, ఎడమ మూల నా అక్షరాలు వేసే ఇచ్చాను.

రేపు మండలి ముందు అరవకు. రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి కూర్చో, చాలు.

దుత్త లాంటి మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

ఈసారి ఏదీ కొట్టేయలేదు.

నా పేరు పక్కన ఆరు అంకె చూసి ఒళ్ళు మండిపోయింది. అయినా అరవలేదు. రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. నా తర్వాత మిగతా ఎనిమిది మందీ వాళ్ళవి తెచ్చి పెట్టారు. పద్దెనిమిది కాగితాలు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. ఉత్తర్వు ఆపేశారు, పరీక్షలు రాస్తున్నాం. ఆ పన్నెండు మంది మాత్రం ఇంకా లోపలే ఉన్నారు. అందుకని సాయంత్రం అట్టలతో మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాం. నీ మెమో మాత్రం రద్దు చేయలేదట, "అది ఆఫీసు వ్యవహారం" అన్నారట. మమ్మల్ని వదిలి నిన్ను పట్టుకుంటారా?

రాత్రికి ఇంటికి వస్తున్నాను. నీ సంజాయిషీ నువ్వు కొట్టకు. నువ్వు చెప్పు, నేను కొడతాను. ఎడమ మూల నా పొడి అక్షరాలు వేస్తాను.

పేజీ తిప్పడం నేర్చుకున్న
నీ తొందరమ్మ