ఈ నవమికి మేము ఊళ్ళె ఉండం

పర్ణశాల,
సోమవారం.

నిర్మల వదినెకు యశోద నమస్కారాలు. మేమిక్కడ బాగున్నం, ఎండలు తప్ప. మీరు, అన్నయ్యగారు, ఉదయ్ భాస్కర్ అక్కడ బాగున్నరని అనుకుంటున్న.

పోయినేడు పండుగ అయినంక మనిద్దరికి ఫోన్ల మాటా మాటా పెరిగింది గుర్తుందా? "నువ్వన్నవ్" అంటే "నేననలే" అని వారం రోజులు నడిచింది. ఇగ మీదట మీ ఇద్దరు ఏమున్నా రాసుకోండని అన్నయ్యగారు తీర్పు చెప్పిండ్రు. అందుకే ఈ ఉత్తరం. భద్రాచలం మీదుగ ఖమ్మం పోయే బస్సు కండక్టర్ జంపయ్య చేతికిస్తున్న, రేపటికల్ల మీ చేతికొస్తది.

విషయమేందంటే, వచ్చేవారం శుక్రవారం శ్రీరామనవమికి మేము ఊళ్ళె ఉండం. మీ తమ్ముడు, నేను, మా బిడ్డ మనోజ్ఞ ముగ్గురం అరకు పోతున్నం, నాలుగు రోజులు. పెండ్లయి ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేండ్లు. మొదటేడు నవమికి పదిమంది చుట్టాలొచ్చిండ్రు, పోయినేడు నలభై ముగ్గురు. మీరందరు పొద్దున్నే జీపులెక్కి భద్రాచలం కల్యాణానికి పోతరు, మళ్ళ రెండింటికి కాలే కడుపులతో దిగుతరు. నడుమ నేను పొయ్యి దగ్గర ఉంట. చుట్టాలంటే నాకు ప్రాణమే వదినె, అబద్ధమెందుకు. కాని ఈ ఒక్క ఏడు నాకు సెలవియ్యండి. ఎవరన్న వండి, "కూర్చో యశోదా" అని పిలిచి వడ్డిస్తే తినాలని ఉన్నది. గంతే.

కాబట్టి మీరు ఈసారి రావొద్దు. ఇంటికి తాళం ఉంటది.

ఇట్లు,
మీ మరదలు యశోద

తా.క.: పోయినేడు మీరు పులిహోర కట్టుకపోయిన స్టీలు డబ్బా నాది. నేను అడుగుతలేను, ఊరికే గుర్తు చేస్తున్న.


ఖమ్మం,
బుధవారం.

చి.ల.సౌ. యశోదను నిర్మలాదేవి దీవించి రాసేది ఏందంటే,

నీ ఉత్తరం అందింది. నేను మూడుసార్లు చదివిన, మీ అన్నయ్యతో ఒకసారి పైకి చదివించిన. ఉదయ్‌గాడు ఫోటో తీసి పెట్టిండు. రేపు నువ్వు "నేను రాయలే" అంటవేమో, ఎవరికి తెలుసు.

ఏందమ్మా ఇది? లోకమంతా నవమికి భద్రాచలం దిక్కు వస్తుంటే నువ్వు భద్రాచలం పక్కన ఉండి అరకు పోతనంటవ్. అరకు చలికాలం పోతరు, మంచు చూసేతందుకు. ఈ ఎండల్ల అక్కడేమున్నది? అది మా నాయన కట్టిన ఇల్లు యశోదా. నా పుట్టింటికి నన్నే రావొద్దని రాసిన మొట్టమొదటి మనిషివి నువ్వే. చదివినప్పటి సంది నాకు ముద్ద దిగుతలేదు. మీ అన్నయ్య మాత్రం దోసకాయ పప్పు మూడుసార్లు వేయించుకున్నరు, ఆ మనిషికి ఏ బాధా అంటదు.

ఇంకో మాట. ఉత్తరమిచ్చినప్పుడు జంపయ్యను కూర్చోబెట్టి మజ్జిగిచ్చి అడిగిన. పోయిన గురువారం నువ్వు భద్రాచలంల దిగి, మిట్టమధ్యాహ్నం ఎండల పెద్ద లైన్ల నిలబడ్డవట. ఏదో కాయితం తీసుకుని హ్యాండ్‌బ్యాగుల దాచినవట. పైగ నవ్వుకుంట వచ్చినవట! ఎండల లైన్ల నిలబడి నవ్విన మనిషిని నేను ఇంతవరకు చూడలే. ఏం కాయితమది?

నాకు ఒకటే అనుమానం. ఈసారి మా వాళ్ళను తప్పించి, సత్తుపల్లి నుంచి మీ అన్నదమ్ములను పిలిచి నవమి చేస్తున్నవ్. అవ్ అంటే అవ్ అను, కాదంటే కాదను.

ఇట్లు,
నీ ఆడపడుచు నిర్మలాదేవి

తా.క.: ఆ డబ్బాకు మూత నువ్వియ్యలే. మూత లేని డబ్బా గురించి గింత మాట పడాల్నా?


పర్ణశాల,
శుక్రవారం.

నిర్మల వదినెకు మళ్ళొకసారి నమస్కారాలు. ముద్ద దిగుతలేదన్నరు, మజ్జిగన్న తాగండి.

కాదు. మా సత్తుపల్లి వాళ్ళు ఎవ్వరు రారు, రామయ్య మీద ఒట్టు. మా పెద్దన్నయ్యకు ఎండంటేనే పడదు, చిన్నన్నయ్యకు నేనంటేనే పడదు.

ఆ లైను బ్యాంకు లైను. ఆధార్ ఏదో లింకు చెయ్యాలంటే పోయిన. నవ్వుడు సంగతంటరా, ఎండ కండ్లల్ల కొడితే నా పండ్లు గట్లనే బయటికొస్తయ్. జంపయ్య దూరం నుంచి చూసి నవ్వనుకున్నడు. మీకు మజ్జిగ మిగిలి ఉంటే ఆయనకు ఇంకో గ్లాసు పొయ్యండి, ఇంకేమన్న చూసిండేమో చెప్తడు.

అరకుల ఎండాకాలం కూడ చల్లగనే ఉంటదట. కాఫీ తోటల నడుమ ఇల్లు కిరాయికిస్తరట, పొద్దున మనం లేవకముందే తలుపు దగ్గర కాఫీ పెట్టి పోతరట. మీ తమ్ముడు ఇప్పటి సందే టోపీ పెట్టుకుని ఇంట్ల తిరుగుతున్నడు.

మీ పుట్టిల్లు ఎక్కడికి పోతది వదినె? నాలుగు రోజులు తాళమే కద.

ఇట్లు,
మీ యశోద

తా.క.: తాళంచెవి పక్కింటి హేమ్లి దగ్గర పెడ్తున్న, పాలకూర మడికి నీళ్ళు పెట్టేతందుకు. ఎవ్వరికి ఇయ్యొద్దని గట్టిగ చెప్పిన. మీరు అడుగుతరని కాదు.


ఖమ్మం,
ఆదివారం.

యశోదకు,

దీవెనలు తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పు.

దుమ్ముగూడెంల కిరాణా కొట్టు నడిపే రాజేష్ మన ఉదయ్‌తో చదువుకున్నోడే. ఉదయ్ ఊరికే ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగితే, "మీ అత్తమ్మ సామాను మొన్ననే పంపిన" అన్నడట. చీటీ ఫోటో తెప్పించిన. నా ముందర ఉన్నది. సన్నబియ్యం రెండు బస్తాలు. వడపప్పుకు పెసరపప్పు నాలుగు కిలోలు. పానకానికి బెల్లం ఐదు కిలోలు, మిరియాలు, యాలకులు. చింతపండు, నూనె డబ్బా. విస్తర్లు రెండు వందలు!

తాళం పెట్టి అరకు పోయే మనిషికి రెండు వందల విస్తర్లెందుకు? అరకుల కాఫీ తోటలకు పానకం పోస్తవా?

నాకు నిద్ర పడ్తలేదు. మీ అన్నయ్య, "పోనీలే నిర్మలా, ఒక ఏడు పోకుంటే ఏమైతది" అన్నరు. ఏమైతదంటే, ఒక ఏడు పోకుంటే రెండో ఏడు పిలవరు, మూడో ఏడు గుర్తుండదు. అమ్మానాయన పోయినంక నాకు ఆ ఇంటితోని మిగిలింది ఆ నవమి ఒక్కటే. దాన్ని ఇంకెవ్వరికో వడ్డిస్తుంటే నేను ఖమ్మంల కూర్చుండి టీవీ చూడాల్నా?

చూడను. శుక్రవారం పండుగైతే నేను బుధవారమే దిగుతున్న. లోపల ఎవరున్నరో, ఎవరొస్తరో నా కండ్లతో చూస్త.

ఇట్లు,
నిర్మలాదేవి

తా.క.: నేను వస్తున్నట్టు నీకు తెల్వనియ్యొద్దని అనుకున్న, కోపంల రాసేసిన. మీ అన్నయ్య చింపి మళ్ళ రాయమన్నరు. నోట్‌బుక్కుల ఇదే ఆఖరి కాయితం.


పర్ణశాల,
సోమవారం.

వదినె,

మీ కాళ్ళు మొక్కుత, రావొద్దు. ముఖ్యంగ బుధవారం అస్సలే రావొద్దు.

ఆ బియ్యం ఏడాదికి. బెల్లం ఉగాది పచ్చడికి పోను మిగలక తెప్పించిన. విస్తర్లు చవకగ వచ్చినయ్. ఇంతకన్న నన్నేమీ అడగొద్దు, నాకు చెప్పరాదు. మేము మంగళవారం పొద్దున్నే బయలుదేరుతున్నం. ఇగ మీ ఇష్టం, మీ రాముడి ఇష్టం.

ఇట్లు,
యశోద

తా.క.: కొత్త పెద్ద పొయ్యి కొన్నం. దాని పిడి నొక్కి పట్టుకుని ఎడమకు తిప్పాలె, లేకుంటే అంటుకోదు. ఊరికే రాస్తున్న.


పర్ణశాల,
శనివారం.

యశోదకు నిర్మలాదేవి రాసేది. దీవెనలు చెప్పే ఓపిక లేదు. ఇది నీ క్యాలెండర్ వెనక కాయితం, నీ వంటింటి పీట మీద కూర్చుని రాస్తున్న.

బుధవారం నేను, మీ అన్నయ్య, ఉదయ్ దిగినం. తాళం ఉన్నది. హేమ్లి దగ్గరకు పోయి ఎట్ల అడగాల్నా అని నేను మాట కూర్చుకుంటుంటే, ఆమెనే ఎదురొచ్చి తాళంచెవి చేతుల పెట్టింది. "అమ్మా, పాలప్యాకెట్లు ఫ్రిజ్‌ల ఉన్నయ్" అన్నది. అప్పుడే నాకు అనుమానం రావాలె. నిన్ను అనుమానించుడుల పడి ఆమెను అనుమానించుడు మరిచిన.

లోపల గంగాళాలు తోమి బోర్లించి ఉన్నయ్. కూరగాయలు కడిగి బుట్టల్ల ఉన్నయ్. సరే, మీ సత్తుపల్లి వాళ్ళు రానీ, రెడ్ హ్యాండెడ్‌గ పట్టుకుంటనని ముందర తలుపు దగ్గరకేసి కిటికీ పక్కన కూర్చున్న. గురువారం పొద్దున జీపు ఆగింది. తలుపు తీసి "దొరికిండ్రా!" అని అరిచిన. దిగింది మా చెల్లె సీతారత్నం, మధిర నుంచి, ఏడుగురితోని. వెనకనే కుసుమంచి నుంచి మా మరుదులు, తోడికోడండ్లు, పిల్లలు రెండు జీపులు. తర్వాత నేలకొండపల్లి చిన్నమ్మ వాళ్ళు. లెక్క పెడితే నలభై ఆరు. సత్తుపల్లి పురుగు కూడ లేదు. అందరు మా వాళ్ళే! ఇన్నేండ్లు వాళ్ళందరిని వెంటేసుకొచ్చి నీ ముందు దింపింది నేనే కద.

పైగ ప్రతి ఒక్కరు, "ఈసారి నవమి నువ్వు చేస్తున్నవట, సంతోషం" అనుకుంట చెప్పులు విడిచిండ్రు. కాదంటే ఎట్ల? పుట్టింటి గడపల నిలబడి తిండి లేదని పంపుదునా?

శుక్రవారం అందరు కల్యాణానికి పోయిండ్రు. నేను పోలే. నలభై ఆరుగురికి పులిహోర కలిపే మనిషి ఎట్ల పోతది? మోకాళ్ళ నొప్పులని సీతారత్నం ఫ్యాన్ కింద కూర్చుని టీవీ పెట్టింది. "అక్కా, జీలకర్ర బెల్లం పెట్టిండ్రు" అని ఆమె అక్కడి నుంచి అరుస్తది, నేను ఇక్కడ పోపు పట్టుకుని ఉంట. బాజాలు జోరందుకున్నయ్. గంటె పట్టుకుని ఉరికొచ్చిన. అప్పటికే పుస్తె కట్టుడు అయిపోయింది, టీవీల సబ్బు యాడ్ వస్తున్నది. వెనక్కి వచ్చేసరికి పోపు మాడింది.

ఆ పొయ్యి ముందర నిలబడి నేను ఏడ్చిన యశోదా. ఉల్లిగడ్డ కాదు, నిజంగనే ఏడ్చిన. ఇరవై రెండేండ్లు నువ్వు గిట్లనే ఇక్కడ నిలబడ్డవ్. పందిట్ల ముందు వరసల కూర్చునేదాన్ని నేను. ఒక్కనాడన్న "నువ్వూ రావే" అనలే. కల్యాణం నుంచి వచ్చి, పప్పుల ఉప్పు తక్కువైందని మాత్రం ప్రతేడు అన్న. తప్పు నాదే.

ఈ ఉత్తరం నీ పొయ్యి మీద పెట్టి పోతున్న. జల్దీ రా. వచ్చినంక నాతోని కొట్లాడు, నేను పడ్త.

ఇట్లు,
నిర్మల

తా.క.: టీవీల మనోజ్ఞ లాంటి పిల్ల కనబడ్డదని సీతారత్నం ఒకటే గోల. అరకుల ఉన్న పిల్ల భద్రాచలం పందిట్ల ఎట్ల ఉంటదే, నీకన్నీ అనుమానాలేనని నేనే తిట్టిన.


పర్ణశాల,
మంగళవారం.

నిర్మల వదినెకు యశోద వంగి మొక్కి రాసేది,

మీ ఉత్తరం చదివి, అదే పీట మీద కూర్చుని నేను కూడ ఏడ్చిన. తర్వాత నవ్విన. ఇప్పుడు రెండూ ఆపి రాస్తున్న.

సీతారత్నాన్ని తిట్టకండి. ఆమె చూసింది మనోజ్ఞనే. మేము అరకు పోలే. మంగళవారం బయలుదేరి భద్రాచలంల దిగినం, మనోజ్ఞ స్నేహితురాలి ఇంట్ల ఉన్నం. ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లు. ఆ లైను బ్యాంకు లైను కాదు, కల్యాణం టికెట్ల లైను. ఆ నవ్వు నవ్వే.

వదినె, నేను చూసిన. దేశం నలుమూలల నుంచి వచ్చి చూసే కల్యాణం, పక్కన ఉండి ఇరవై రెండేండ్లకు చూసిన. పుస్తె ఎత్తి అందరికి చూపించినప్పుడు పందిరంతా ఒక్కసారి లేచి నిలబడ్డది. నా కండ్లకు నీళ్ళడ్డమొచ్చి సరిగ కనబడలే, మీ తమ్ముడి టోపీ గుంజి తుడుచుకున్న. మధ్యాహ్నం అన్నదానంల ఎవరో ముసలాయన "కూర్చో బిడ్డా" అని విస్తరేసి, అడగకముందే రెండోసారి పప్పు పోసిండు. ఉప్పు తక్కువైంది. ఒక్క మాట అనలే నేను.

మీరన్న అనుమానాలన్ని నిజమే. బియ్యం పండుగకే, విస్తర్లు పండుగకే, చుట్టాలకు ఫోన్ చేసి ఈసారి వంట నిర్మల వదినెదని చెప్పింది నేనే. ఒక్కటే మీకు తట్టలే. వండమని అడిగితే మీకు నడుము నొప్పి వస్తుండె. రమ్మంటే కల్యాణం చూసుకుని రెండింటికి సరిగ్గ విస్తరి ముందుకు వస్తుండిరి. రావొద్దంటేనే మీరు రెండు రోజులు ముందొస్తరు. ఇరవై రెండేండ్ల కాపురంల మీ తమ్ముడి కన్న మిమ్ములనే ఎక్కువ తెలుసుకున్న.

మాడిన పోపు పులిహోర హేమ్లి నా కోసం దాచింది. చానా బాగున్నది, ఒట్టు. జంపయ్యతో తలంబ్రాలు పంపుతున్న.

ఇట్లు,
మీ మరదలు యశోద

తా.క.: వచ్చే నవమికి మనిద్దరం కలిసి పోదాం, పందిట్ల పక్కపక్కన కూర్చుందాం. ఇంట్ల వంట సంగతి మీరు మనసుల పెట్టుకోకండి. వచ్చే ఏడు ఎట్టి పరిస్థితుల్ల మా ఇంటికి రావొద్దని పొద్దున్నే సీతారత్నానికి ఉత్తరం రాసిన.