ఒక్క గెంతులో ఐదుగురు నాన్నలు

ఈశ్వరక్కా,

నాన్న ఇక ఆట మానేస్తాడేమోనని నువ్వు పెట్టుకున్న బెంగ ఇక వదిలేయొచ్చు.

తప్పెటగుళ్ల ఆటకు పోస్టరు వేస్తాం, జట్టు నాయకుడి ఫోటో పంపమని బొబ్బిలి నుంచి అడిగారు. నాన్న గుండెలకు తప్పెట కట్టుకుని గెంతుతుంటే ఫోన్లో తీసి చూపించాను.

"గుంజకి కట్టీసినట్టున్నాను. ముసిలోడినైపోనాను. ఈ ఏడు ఇంకెవుడైనా ఆడతాడులే," అని మొహం తిప్పుకున్నాడు.

నేను చీపురుపల్లి స్టూడియోలో ఫోటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను కదా. ఒకే గెంతులో వరసగా తీసిన ఐదు ఫోటోలను పక్కపక్కన ఒకదానిలోకి ఒకటి కలిపాను. వెనకవాటిని పొగలా పలచన చేసి, చివరిదాన్ని మాత్రం స్పష్టంగా ఉంచాను. కాలి గజ్జెలను కాస్త మసకబార్చేసరికి అవి మోగుతున్నట్టే అనిపించింది.

నాన్న చాలాసేపు చూశాడు. "ఇదంతా నానేనేటే?"

"నువ్వే నాన్నా. ఒక్క గెంతే."

అమ్మ తొంగిచూసి, "ఒక్క మనిసికే వండలేక సస్తన్నాను, ఐదుగురిని సేసీసినావేటే!" అంది.

నాన్న పడీపడీ నవ్వాడు. "పంపీయే. నానే ఆడతాను."

ఆట వచ్చే శనివారం. బావనీ పిల్లల్నీ తీసుకుని రా. వస్తూ వస్తూ మోకాలికి వేసుకునే పట్టీ ఒకటి కొని తే. అడగడానికి నాన్నకు నామోషీ. నేను చెప్పానని మాత్రం అనకు.

నీ చెల్లి