తల ఎత్తని పిల్ల

అక్కా,

ఈ ఉత్తరం నీ కూతురి చేతికే ఇచ్చి పంపుతున్నా. చదవడం పూర్తయ్యేదాకా దాని మీద చెయ్యి చేసుకోకు. ఎవరేం మోసుకొచ్చి చెప్పారో గానీ, పట్టాభిషేకం మధ్యలో ఆపింది మన పిల్లేనన్న మాట నిజం.

రాణిగారి దుస్తులు కుట్టినదాన్ని కదా, నేల మీద జీరాడే అంచు ఎత్తి పట్టుకుని వెనక నడిచే పని నేనే అడిగి దీనికి ఇప్పించాను. "తల ఎత్తావంటే ఊరుకోను, నేలనే చూస్తూ నడువు" అని నూరిపోసిందీ నేనే. అది అలాగే నడిచింది. అందుకే సభంతా కిరీటం వంక చూస్తుంటే, రాణిగారి మడమ మీద రక్తం దీనికొక్కదానికే కనబడింది. ఆ రోజు వేసుకునేవన్నీ అంతకుముందు ఒక్కసారీ తొడగనివై ఉండాలట. కొత్త చెప్పులు కరిచేశాయి.

ఇది అంచు వదిలేసి, నేల మీద చతికిలబడి, "కాలెత్తండమ్మా" అంది. బాకాలు ఆగిపోయాయి. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఊడిందనే అనుకున్నా.

రాణిగారు పిల్ల భుజం పట్టుకుని కాలెత్తారు. ఇది తన చేతిరుమాలు మడిచి చెప్పులో పెట్టింది. ఆవిడ సింహాసనం దాకా ఆ భుజం వదల్లేదు.

చేతిరుమాలు ఏదని దీన్ని అడక్కు. ఉతుక్కుంటాం ఇమ్మని నేనడిగితే, రాణిగారు ఇవ్వనన్నారు.

రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, కిరీటం ఎలా ఉందే అని అడిగా.

"నేను చూడలేదు పిన్నీ. నువ్వే తల ఎత్తొద్దన్నావుగా" అంది.

నీ చెల్లెలు