బొచ్చు టోపీలో బోడిమెడ గుడ్లు

మార్చి 27

పొద్దున కోళ్ళగూడు తెరిచాను. ఈకలు! నెత్తురు! నక్క దూరింది. పుంజుతో సహా అన్నీ పోయాయి. మా తాత నాటి నుంచి ఉన్న బోడిమెడ కోళ్ళు. ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేవు. మిగతావాళ్ళవన్నీ సంతలో కొన్న తెల్లకోళ్ళు. అవీ కోళ్ళేనా!

మిగిలింది ఒక్క పెట్ట. పొదుగుకొచ్చి వంటింట్లో పొయ్యి పక్కన గంపలో కూర్చుంది కాబట్టి బతికిపోయింది.

ఇంకా, గుడ్లు. ఉపవాసాల రోజులు కదా, ఎవరూ తినలేదు. ఈస్టరుకు ఎర్రరంగు వేద్దామని నా భార్య డెసాంకా దాచింది. చచ్చిన పుంజు తాలూకు ఆఖరి గుడ్లు. ఇవి పిల్లలైతే జాతి నిలుస్తుంది. కాకపోతే అంతే.

సాయంత్రం బావమరిది వెసెలిన్ దిగబడ్డాడు. వాడికో పొదిగే యంత్రం ఉంది. ఊరంతా తిప్పి చూపించాడు, కొత్త పెళ్ళాన్ని చూపించినట్టు.

"బావా, గుడ్లు నా యంత్రంలో పెట్టేయ్. కోడికి మతి ఉండదు."

"మతి లేకపోవడం మీ వంశం సంగతి. నా కోడినెందుకు అంటావు?"

"పంతానికి పోకు. ఇవి పోతే మళ్ళీ దొరకవు."

"ఒక్క గుడ్డు నీ డబ్బాలోకి వెళ్ళినా మీసం తీసేస్తా!"

పెళ్ళికి ముందు నుంచి ఉన్న మీసం. డెసాంకా అంది: "తీసేయ్. నాకేం బెంగ లేదు."

ఇదంతా రాసి పెడుతున్నాను. మూడో తరగతితో ఆపేసినవాణ్ణి, నా అక్షరాలు కుంటుతాయి. అయినా వెసెలిన్ మాట మార్చే రకం. రేపు కాదంటే కాగితం ముఖాన కొట్టాలి.

మార్చి 28

గుడ్లు పెట్టాను. పద్ధతిగా! బేసి లెక్క, పదకొండు. బొచ్చు టోపీలో మోసుకెళ్ళాను. అరచేతుల్లో మోస్తే మురిగిపోతాయి. పెట్టేటప్పుడు నోరు విప్పకూడదు. విప్పలేదు.

"రోజూ గుడ్లు పెట్టకూడదూ! ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అంది డెసాంకా.

పెట్ట రెక్కలు పరిచి కూర్చుంది. నావైపు చూసి కుర్రుమంది. భేష్!

మార్చి 31

వెసెలిన్ షెడ్డు ముందు నుంచి వెళ్ళాను. లోపలికి కాదు, ముందు నుంచే. వాడు యంత్రంలో నీళ్ళు పోస్తాడు, వేడి చూస్తాడు, గుడ్లు ఒక్కొక్కటీ చేత్తో తిప్పుతాడు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ వేడి. అంత డబ్బు తగలేసి యంత్రం కొని, చివరికి తనే కోడయ్యాడు! దారంతా నవ్వుకున్నాను.

ఏప్రిల్ 3

పెట్ట లేచిపోయింది! పెరట్లో దుమ్ములో దొర్లుతోంది. తెచ్చి కూర్చోబెట్టాను. పొడిచింది. మళ్ళీ తెచ్చాను. గుడ్ల మీద నిలబడి అరిచింది, ఇల్లు కాలిపోతున్నట్టు.

తప్పు నాది కాదు. గడ్డి మార్చింది డెసాంకా. తలుపు తెరిచి ఉంచింది డెసాంకా. చలిగాలి మాత్రం దేవుడిది.

అయినా బోడిమెడ కోళ్ళకు బుద్ధి ఎప్పుడుందని!

ఫరవాలేదు. టర్కీ పుంజు ఉంది, రాత్రిళ్ళు చెట్టెక్కి పడుకుంటుంది కాబట్టి నక్కకు దొరకలేదు. సారాలో నానబెట్టిన రొట్టె తినిపించి, గుడ్ల మీద కూర్చోబెట్టి, గంప బోర్లించాలి. మత్తు దిగేసరికి గుడ్లు తనవే అనుకుంటుంది. మా నాన్న ఇలాగే చేసేవాడు. రొట్టె దానికి, గ్లాసు నాకు. పాపం, ఒంటరిగా తాగించడం మర్యాద కాదు.

సాయంత్రం: కూర్చుంది! తల వాల్చి గురక పెడుతోంది. వెసెలిన్ యంత్రం గురక పెట్టగలదా?

ఏప్రిల్ 4

టర్కీకి మత్తు దిగింది. తల్లి ప్రేమ పుట్టలేదు. తలనొప్పి పుట్టినట్టుంది. గంప తన్నేసి, మూడు గుడ్లు తొక్కి, బయటికి పోయింది. తాగుబోతు వెధవ.

డెసాంకా మిగిలినవి ఒళ్ళో వేసుకుంది. ఒకటి తీసి దీపం ముందు పట్టుకుంది.

"ఇటు రా. చూడు."

లోపల ఎర్రని దారాలు. మధ్యలో చుక్క. కదిలింది.

"ఇప్పుడు చెప్పు. ఇదా, నీ మీసమా?"

టోపీ తీసి పట్టుకున్నాను. ఆమె గుడ్లు అందులో పెట్టింది.

టోపీ లేని తలతో వీధిలో నడిచాను. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అరిచారు: "గ్లిషా, టోపీలో ఏముంది?"

"బంగాళదుంపలు!"

వెసెలిన్ యంత్రం మూత తీశాడు. తన గుడ్లన్నీ ఒక పక్కకు ఇరికించి, సగం తట్ట ఖాళీగా ఉంచాడు. వెచ్చగా ఉంది.

"ఇదెప్పటి నుంచి ఖాళీ?"

"నువ్వు మీసం మీద ఒట్టేసిన రోజు నుంచి బావా."

ఏదో అనాలనిపించింది. "నీ షెడ్డు కంపు కొడుతోంది" అన్నాను.

మీసం సంగతి: వెళ్ళడమంటే ఉండిపోవడం. ఈ గుడ్లు చుట్టపుచూపుగా వెళ్ళాయి. కాబట్టి ఒట్టు చెడలేదు.

ఏప్రిల్ 6

పటకారు కావాల్సి వచ్చి వెసెలిన్ షెడ్డుకు వెళ్ళాను.

ఏప్రిల్ 7

పటకారు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఎలాగూ వెళ్ళాను కాబట్టి గుడ్లు తిప్పాను. వెసెలిన్ చెయ్యి మోటు.

ఏప్రిల్ 9

మళ్ళీ పటకారు అవసరం పడింది. వేడి కాస్త తగ్గింది, మీట తిప్పాను. నీళ్ళు పోశాను. ఈ యంత్రాన్ని నేను నమ్మను. అందుకే కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుంటున్నాను.

ఏప్రిల్ 12

డెసాంకా చిక్కుడుగింజల పులుసు షెడ్డుకే తెచ్చింది. కుర్చీ చుట్టూ తిరిగి చూసింది.

"కింద గడ్డి పరవమంటావా?"

వెసెలిన్ గోడ పట్టుకుని నవ్వాడు. "అక్కా, యంత్రం కొనడం దండగ. బావ చాలు."

పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఇద్దరికీ వినబడేలా చెప్పాను.

ఏప్రిల్ 18

పెంకు లోపల టక్ టక్! చెవి పెట్టాను. అవును!

ఐదు పిల్లలు. మూడు గుడ్లు పగల్లేదు. తడి తడిగా, మెడ మీద ఒక్క నూగు లేకుండా, వెసెలిన్ కంటే వికారంగా ఉన్నాయి. మా జాతే!

ఎవరూ మీసం ఊసెత్తలేదు. చివరికి వెసెలిన్ అన్నాడు: "ఆ ఒట్టు వదిలేయ్ బావా, నేనెప్పుడో మరిచిపోయాను."

జాలి! నా మీద! వాడి షెడ్డులో, వాడి అద్దం ముందు, వాడి కత్తితోనే తీసేశాను.

ఏప్రిల్ 20

ఈస్టరు. ఎర్ర గుడ్లు లేని ఇల్లు మాదొక్కటే. చర్చిలో ఫాదరు నన్ను చూసి ఏ ఊరి నుంచి వచ్చారని అడిగాడు.

ఇంటికొచ్చేసరికి, నిన్న షెడ్డు నుంచి తెచ్చిన పిల్లలన్నీ పెట్ట రెక్కల కింద! వారమైనా పొదగలేదు, ఇప్పుడు మెడ నిక్కించి పెరడంతా ఊరేగుతోంది, అన్నీ తనే చేసినట్టు.

"ఎవరి పోలికో!" అంది డెసాంకా.

జూలై 14

పొద్దున పెరట్లో ఒక చప్పుడు. తుప్పు పట్టిన గేటు తీసినట్టు. బయటికి పరిగెత్తాను. ఐదింట్లో ఒకటి, మెడ చాచి, కట్టెల మోపు మీద నిలబడి, మళ్ళీ కూసింది.

పుంజు! బోడిమెడ పుంజు!

దారిన పోతున్న వెసెలిన్ ఆ కూత విని కంచె దగ్గరికి వచ్చాడు. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. అది ఇంకోసారి ప్రయత్నించింది, గొంతు జీరబోయింది.

"బావా, వచ్చే మార్చికి సగం తట్ట ఖాళీ ఉంచనా?"

"నీ తట్ట నీ నెత్తిన పెట్టుకో! వచ్చే ఏడు గుడ్లన్నీ కోడి కిందే. ఒక్కటి నీ డబ్బాలోకొచ్చినా..."

వాడు నా పైపెదవి వైపు చూశాడు.

చూడనీ. మీసం మళ్ళీ దట్టంగా వచ్చింది. పందేనికి సరిపోతుంది.