కోసిన పైపు పెరగదు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
సెప్టెంబర్ 15, 2025

ప్రభువునందు ప్రియమైన ప్రేమజ్యోతక్కకు,

నీ చెల్లెలు పర్సిస్ వందనాలు. దేవుని కృప వల్ల ఇక్కడ మేమంతా క్షేమం. శాన్ రామన్‌లో నువ్వు, మీ అమ్మాయి, అల్లుడు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే దణ్ణం బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకే స్టాంపు అంటించి మరీ రాస్తున్నాను. ఉత్తరాన్ని మ్యూట్‌లో పెట్టడం నీ వల్ల కాదు.

నీ ఇంటి తాళాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నీ గింజలే నాటాను, పెరట్లో గోంగూర బాగుంది. సొరపాదు పందిరి చాలక కంచె ఎక్కి పక్కింట్లోకి తొంగిచూస్తోంది. ఆ పక్కింటాయన అది ఏం కాయ అని అడిగితే పప్పులో వేసి వండి పంపాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

ఇక అసలు కబురు. అక్టోబరులో మన సంఘంలో కోత పండుగ. ఈసారి పాటల బాధ్యత నాది. ఒప్పుకునే ముందే పాస్టర్ సుందర్ రాజ్ గారికి షరతు పెట్టాను, కీబోర్డు ఉండదని, వాయిద్యాలన్నీ నేనే తయారు చేస్తానని. పెరట్లో పండిన కాయలు తెచ్చి దేవుని ముందు పెడతాం కదా, మన చేత్తో చేసిన వాయిద్యాలు ఎందుకు పెట్టకూడదు అన్నాను. ఆయనకు ప్రసంగానికి పాయింటు దొరికినట్టయింది, వెంటనే సరేనన్నారు.

కీబోర్డంటే నాకెందుకు పడదో నీకు తెలుసు. పోయిన ఏడాది కోత పండుగ నాకింకా మింగుడు పడలేదు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నీ గొంతు కిందికి దిగింది. పల్లవి పై స్వరం అందక ఆగిపోయావు. వినయ్ కుమార్ సాయం చేద్దామనే అనుకున్నాడు పాపం. సంఘమంతా చూస్తుండగా కీబోర్డు మీద బటన్ నొక్కి శ్రుతి దించేశాడు. నువ్వు మైకు స్టాండుకి తగిలించి, నా కోసం ఎవరూ దిగి రావద్దు బాబూ అని చెప్పి వెనక బెంచీలో కూర్చున్నావు. నెల తిరక్కుండా మీ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయావు. అతని మీద నాకు కోపం రాలేదక్కా. నీ మీద వచ్చింది, ఇంకా పోలేదు.

సరే, నా గొప్పలు విను. నా ఉద్యోగం కార్ల బ్రేకులు కీచుమనకుండా చూడడం. శబ్దాన్ని చంపడానికే ఇన్నేళ్లుగా నాకు జీతం ఇస్తున్నారు. చంపడం తెలిసినదానికి పుట్టించడం ఓ లెక్కా? కరెంటు వైర్లు దూర్చే స్టీలు పైపులు కొని, పొడవు లెక్కగట్టి కోసి, వరసగా తాళ్లకి వేలాడదీశాను. ఎక్కడ పడితే అక్కడ కడితే పైపు మూగబోతుంది, సరైన చోట కడితే చర్చి గంటలా మోగుతుంది. ఆ చోటు నాకు తెలుసు. డోలక్‌కి బదులు మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె ఒకటి కిట్‌గా తెప్పించాను. మా ఆయన కాగితం చదవకుండా జిగురు పూసి దరువేసే పలకని వెనక్కి అతికించాడు. దాన్ని తిప్పి కూర్చుంటే సరిపోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తంబూరా నా పనితనానికి పరాకాష్ఠ. పోయిన ఏడాది నువ్వు కోయకుండా వదిలేసి వెళ్లిన సొరకాయ చలికాలమంతా పందిరి మీదే ఎండి బుర్రయింది. దానికి ఎవరో పారేసిన హాకీ కర్ర దూర్చి గిటారు తీగలు కట్టాను. హాకీ కర్ర తంబూరా మిషిగన్‌లో కాక ఇంకెక్కడ పుడుతుంది? ఇక గంట, మా ల్యాబ్ స్క్రాపులో పడేసిన బ్రేకు రోటరు, అదే, బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లెం. చేతికందినది పట్టుకొచ్చాను. గొలుసుకి వేలాడదీసి కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది.

మొన్న ఆదివారం మొదటి ప్రాక్టీసు. వాయిద్యాలు బ్రహ్మాండంగా మోగాయి. పాడేవాళ్లే బోల్తా పడ్డారు. మన ఆడవాళ్లకి ఆ శ్రుతి మరీ లోతు, మగవాళ్లకి మరీ ఎత్తు. కరుణమ్మ ఆంటీ, నూతిలోంచి పాడుతున్నట్టుంది నాకు, అని కూర్చుండిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. వినయ్ తన ట్యూనర్ యాప్ పెట్టి చూసి, ఇది రెండున్నర శ్రుతి అక్కా, ఈ స్కేల్‌లో మనలో ఎవరూ సెట్ అవ్వరు, కాలిక్యులేషన్‌లో మిస్టేక్ చేశారు అన్నాడు. వెంట్రుకవాసి తేడా కూడా పట్టుకునే పర్సిస్ ఇంత తప్పు చేసిందేమిటని అందరికీ ఆశ్చర్యం. నేను తల దించలేదు. రోటరు ఏ శ్రుతిలో మోగితే పైపులు దాన్నే అనుసరించాలి, ఇనుముని బతిమాలలేం అని చెప్పాను.

పాస్టర్ గారు రోటరు తీసేద్దాం, పైపులు కొంచెం కొంచెం కోసి శ్రుతి పెంచుదాం అన్నారు. ఈ నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక వినయ్ పైపు కట్టర్ తెస్తాడట. పైపు పొట్టిదైతే శ్రుతి పెరుగుతుంది, నిజమే. కానీ కోసిన పైపు మళ్లీ పెరగదు. అప్పటిదాకా ఎవరూ కట్టర్ తాకడానికి వీల్లేదని చెప్పి, హాలు తాళం జేబులో వేసుకున్నాను. నెగ్గేది నేనే అని నా నమ్మకం. నా నమ్మకాలు ఎన్నిసార్లు తప్పాయో నువ్వే చెప్పు.

నీ సొరకాయలు కోత పండుగ వేలంలో పెడుతున్నాను. సొంతదారు ఊళ్లో లేకుండా అమ్మడం నాకిష్టం లేదు. టికెట్ చూసుకో. ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను. మీవాళ్లందరికీ నా వందనాలు చెప్పు.

కోపం తగ్గని, ప్రేమా తగ్గని
నీ చెల్లెలు
పర్సిస్

తా.క. లెక్క తప్పలేదక్కా. నువ్వు వెళ్లే ముందు నీ వంటింట్లో స్టీలు గిన్నెలు కాగితాల్లో చుడుతూ కూనిరాగం తీశావు. తీస్తున్నావని నీకే తెలియదు. ఫోన్ డబ్బాల మధ్య పెట్టి రికార్డ్ చేశాను. అడిగితే ఆపేస్తావని అడగలేదు. బ్రేకు కీచు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే నీ గొంతు ఇప్పుడు హాయిగా నిలిచేది రెండున్నరలో. ఆ రోటరు చేతికందినది కాదు. స్క్రాపు కుప్పంతా ఒక్కొక్కటీ తట్టి చూసి ఏరాను, మా మేనేజరు నాకు మతి పోయిందనుకున్నాడు. పైపులూ ఆ కొలతకే కోశాను. ఈసారి నీ కోసం ఎవరూ ఏమీ దించలేదు, ఇవి పుట్టడమే అక్కడ పుట్టాయి. అందుకోలేకపోతున్నది ఇప్పుడు మేమే.