బజ్జీల బల్ల మీద మంత్రిగారి ఫైలు

పెనుకొండ,
ఫిబ్రవరి 10.

హిందూపురం రహస్య పత్రాల సంరక్షణ విభాగం పెద్దసారుకు నమస్కారం.

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై మూడు. మొగుడు పోయి పద్దెనిమిదేళ్లు. ఇంట్లో నేను, కోడలు సుకన్య, రెండు మేకలు. కొడుకు లారీ మీదే ఉంటాడు కాబట్టి లెక్కలో రాయించలేదు. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల కొట్టు నాది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రిటైరైన బడి అయ్యవారు వీరభద్రయ్య రాస్తున్నాడు.

మొన్న సోమవారం మంత్రిగారు ఓట్లడగడానికి వచ్చి, ఫోటోల కోసం నా బాణలి ముందు నిలబడి రెండు బజ్జీలు వేశారు. ఒకటి మాడింది. తర్వాత ధర్మవరం మీటింగుకు పోయారు. పోతూ పోతూ ఎర్ర అట్ట ఫైలు ఒకటి నా బల్ల మీదే మరిచిపోయారు. "సామీ, మీ కాగితాలు!" అని కారు వెనకాల పరిగెత్తాను. ఆయన అద్దం దించి నాకు దండం పెట్టి పోయారు.

పార్టీ ఆఫీసుకు పోతే, "మా సారు మరిచిపోయే మనిషి కాదు. నోరు జాగ్రత్త అవ్వా" అన్నారు. ఫైలు మీద 'అత్యంత రహస్యం' అని, కింద మీ చిరునామా ఉన్నాయని అయ్యవారు చదివాడు. చదివి, కూర్చుని, నీళ్లు అడిగాడు. తొందరగా వచ్చి తీసుకుపొండి.

ఇట్లు,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: ఫైలు శనగపిండి డబ్బాలో భద్రంగా ఉంది. పిండి కొంచెం అంటింది.

*

హిందూపురం,
ఫిబ్రవరి 17.

శ్రీమతి ఓబులమ్మ గారికి,

మీ ఉత్తరం అందినది. మీరు చెప్పిన ఫైలు ఉన్నదని గాని లేదని గాని మేము చెప్పజాలము. అది మాదో కాదో తేల్చుటకు, లోపల ఏమున్నదో వివరంగా రాసి పంపవలెను. దానిని తెరవడం మాత్రం నేరమని గమనించగలరు. కాపలాకు కానిస్టేబుల్ తిరుపాల్‌ను పంపుతున్నాము. జనం కంట పడకుండా కొట్టు వెంటనే మూసివేయవలెను.

భవదీయుడు,
రాఘవేంద్ర, సూపరింటెండెంట్

తా.క.: ఈ ఉత్తరం కూడా రహస్యమే. ఇతరుల చేత చదివించుకోరాదు.

*

పెనుకొండ,
ఫిబ్రవరి 24.

రాఘవేంద్ర సారుకు,

రహస్యమన్న సంగతి ఉత్తరం చివర రాశారు. అంతా చదివించుకున్నాకే అది తెలిసింది. చదువు రానిదానికి ఉత్తరం రాసి, చదివించుకోవద్దంటే నేనేం చేయాలి, వాసన చూడాలా?

తెరవకూడదంట, లోపల ఏముందో మాత్రం చెప్పాలంట! అయ్యవారు ఈ మాట నాలుగుసార్లు చదివాడు, నాలుగుసార్లూ అట్లాగే ఉంది.

కొట్టు మూసి ఆరు రోజులు. బస్సు దిగి ఉగ్గానికి వచ్చేవాళ్లు, తలుపు ముందర తుపాకితో నిలబడిన తిరుపాల్‌ను చూసి, "ఏమవ్వా, ఏం చేస్తివి?" అని నన్ను అడుగుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ చోట ఉన్నాను. ఒక్కరి చేత మాట పడలేదు.

నా కోడలు ధర్మవరం పోయి పట్టుచీరలు నేస్తుంది. కొత్త డిజైను కాగితం బయటికి పోయిందంటే షావుకారు ఆ రోజే మగ్గం మీది నుంచి లేపేస్తాడు. ఎంత ఏడ్చినా వినడు. చీర అంచుకే అంత శిక్ష ఉంటే, సర్కారు రహస్యాన్ని మిరపకాయల పక్కన వదిలేసిన మనిషికి ఏమీ లేదా? ఆయన మీద కేసు పెట్టండి. నా కొట్టు తెరవండి.

ఇట్లు,
ఓబులమ్మ (వేలిముద్ర)

తా.క.: మీ తిరుపాల్‌కు మూడు పూటలా నేనే వండి పెడుతున్నాను. నిన్న, "అవ్వా, ఉప్పు తక్కువుండాది" అన్నాడు. ఇది ఏ సెక్షను కిందికి వస్తుంది?

*

హిందూపురం,
మార్చి 4.

శ్రీమతి ఓబులమ్మ గారికి,

మీరు కోరినట్టే కేసు నమోదు చేశాము. ముద్దాయి మీరు. ఫైలు మీ శనగపిండి డబ్బాలో ఉన్నదని మీరే వేలిముద్ర వేసి పంపారు.

మంత్రిగారి విషయం: పేపర్లో వచ్చిన ఫోటో పరిశీలించాము. వారికి ఒక చేతిలో జల్లి గరిటె, రెండో చేతిలో పిండి గిన్నె ఉన్నవి. మూడో చెయ్యి లేదు. కనుక వారు ఫైలు తెచ్చి ఉండరు. పైగా వారిపై కేసుకు అనుమతి అడగాలంటే ఏ ఫైలు పోయినదో రాయాలి. రాస్తే రహస్యం బయటపడును.

మీ వయసును బట్టి ఒక దారి చూపుతున్నాము. ఫైలు రోడ్డు మీద దొరికినదని జతచేసిన వాంగ్మూలం మీద వేలిముద్ర వేయండి. సాక్షిగా మా తిరుపాల్ చేత సంతకం చేయించండి. కేసు ఎత్తివేస్తాము. కొట్టు ఆ రోజే తెరుచుకోవచ్చును.

భవదీయుడు,
రాఘవేంద్ర, సూపరింటెండెంట్

తా.క.: సదరు ఫోటోలో ఫైలు అట్ట కనిపించుచున్నది. ఆ పేపర్లో బజ్జీలు కట్టి ఇచ్చి ఉంటే, తిన్నవారి పేర్లు పంపగలరు.

*

పెనుకొండ,
మార్చి 9.

రాఘవేంద్ర సారుకు,

మీ వాంగ్మూలం అయ్యవారు చదివి, "వేసేయి ఓబులక్కా, కొట్టు తెరుచుకుంటాది" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. వేలికి సిరా కూడా పూసుకున్నాను. వేసే ముందు, సాక్షి కదా అని తిరుపాల్‌ను అడిగాను.

"ఏమప్పా, ఇది రోడ్డు మీద దొరికింది నువ్వు చూస్తివా?"

"రోడ్డు మీద యాడ చూస్తి అవ్వా? ఆ పొద్దు మంత్రిసారుకు బందోబస్తు నాదే. గరిటె పట్టుకునేదానికి అడ్డమొస్తాందని, సంకలో ఫైలు తీసి నీ మిరపకాయల పక్కన పెట్టినాడు. నేను ఈడనే ఉంటి."

"మరి ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

"నువ్వు పెట్టిన అన్నమే. నన్ను ఎవురూ అడగల్యా అవ్వా."

కాబట్టి సారూ, మీ కాగితం ముద్ర లేకుండా వెనక్కి పంపుతున్నాను. నా వాంగ్మూలం ఇది. ఫైలు నా డబ్బాలో ఉంది, ఒప్పుకుంటున్నాను. ఉంచుకున్నందుకు నా మీద కేసు ఉండనీయండి. వదిలేసినందుకు ఆయన మీద పెట్టండి. పిలిచిన రోజు నేను, తిరుపాల్, ఫైలు ముగ్గురం ఒకే బస్సులో హిందూపురం వచ్చి, జడ్జిగారి చేతికే ఇస్తాం. అంతదాకా కొట్టు మూసే ఉండనీ. అబద్ధం మీద వేలు పెట్టి తెరిచిన కొట్టులో నేను పిండి కలపలేను.

తా.క.: నేను బజ్జీలు ఆకుల్లో కడతాను. ఆ పేపరు ఒక్కటే కొన్నాను. మాడిన బజ్జీ ఎవరు వేశారో జనానికి తెలియాలని గోడకు అతికించాను. కావాలంటే మీరే వచ్చి గీక్కోండి.

ఓబులమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
తిరుపాల్, కానిస్టేబుల్. పెట్టడం చూసినవాడు. మీరు చెప్పినట్టే సంతకం చేయించాను.
వీరభద్రయ్య, రాసినవాడు. మళ్లీ నీళ్లు అడిగి, తాగి, సంతకం పెట్టాడు.