ఒక ముక్క తక్కువ

పిచ్చుకకు,

నాన్న రాస్తున్నాడు. నీకూ అల్లుడికీ బుజ్జిదానికీ మా ఇద్దరి దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ తిండికీ నిద్రకీ లోటు లేదు. ప్రతి ఉత్తరంలో ఉండే మాటే కదా అని దాటేయకు. ఈసారి ‘క్షేమం’ అని రాసి, కొట్టేసి, దాని బదులు ఇది రాశాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి కొంత తగ్గింది, మెట్లెక్కితే ఇంకా కలుక్కుమంటోంది. నిలబడి పని చేయొద్దన్నాడు డాక్టరు. కూర్చుని పిండి పిసికే బేకరీ ఎక్కడుందో చెప్పండి, అక్కడ చేరతానన్నాను. నవ్వి మాత్రలు రాశాడు. పెద్ద ఓవెన్ తలుపు బాగు చేయించాను. ఇప్పుడు దాన్ని కాలితో తన్నక్కర్లేదు. అయినా అమ్మ తంతూనే ఉంది. బుజ్జిదానికి జుట్టు రాలేదని దిగులు పడకు. ఏడాది నిండేదాకా నీ తల కూడా బన్నులా నున్నగా ఉండేది. కొట్టుకొచ్చినవాళ్ళు ఇది కూడా అమ్మకానికేనా అని అడిగేవాళ్ళు. పక్క కొట్లో బట్టలు కుట్టే పెద్దమ్మ బుజ్జిదానికని తెల్ల గౌను కుట్టి పెట్టింది. కొలతలు ఫోటో చూసి తీసుకుంది. సరిపోకపోతే తప్పు ఫోటోదట.

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. వచ్చే నెల చర్చిలో రొట్టె పంచే బల్ల ఆదివారానికి బుజ్జిదాన్ని దేవుడికి ప్రతిష్ఠ చేయించడానికి తెస్తామని రాశావు. ‘ఆ రోజు ప్రభువు బల్లకు రొట్టె నువ్వే చేయాలి నాన్నా, ఇంకెవరి చేతా చేయించొద్దు’ అని కింద గీత కూడా గీశావు. ఆ గీత చూసిన దగ్గర్నుంచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, ఆపుతున్నాను. ఈ నెల రొట్టె నేను చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే, ఇంట్లో ఎవరి మాట ఎత్తొద్దని నువ్వు బతిమాలేదానివో ఆ మనిషి గురించి రాయాలి. నువ్వు బతిమాలినా నేను రోజూ ఎత్తేవాణ్ణి. ఈ ఒక్కసారికి ఓపిక పట్టు.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నీ మీద సూపర్‌వైజర్‌గా చేసినతను మన చర్చికి వస్తున్నాడు.

జరిగింది నీకు తెలుసు. నా మనసులో ఏముందో తెలియడానికి మళ్ళీ రాస్తున్నాను. పని తొందరగా సాగాలని ప్రెస్సుకు చేయి లోపలికి పోకుండా అడ్డుండే గార్డు తీయించారు. నీ ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. విచారణలో అతను, ఆ అమ్మాయే తనంతట తాను గార్డు తీసేసింది అన్నాడు. నిన్ను పనిలోంచి తీసేశారు. ఆసుపత్రిలో కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని నువ్వు నన్నడిగావు, “నిజంగా నేనే తీసి మర్చిపోయానా నాన్నా?” అని. నేను జవాబు చెప్పకుండా అతన్ని వెతుక్కుంటూ బయటికి పోయాను.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున అతను మన కొట్టుకొచ్చాడు. బ్రెడ్డు కోసం ఎవరో వచ్చారనుకుని కాగితం సంచి చేతిలోకి తీసుకుని తలెత్తాను.

“వందనాలండి. గుర్తుపట్టారా?”

“మర్చిపోతేగా.”

“మీ చర్చికి రావాలనుకుంటున్నానండి. పాస్టరుగారితో మాట్లాడా. ముందు మిమ్మల్ని అడిగి రమ్మన్నారు. మీరు వద్దంటే రాను.”

“చర్చి నాదా? కొట్టు నాది. కొనేదుంటే కొను, లేకపోతే పక్కకి జరుగు. వెనకాల జనం ఉన్నారు.”

వెనకాల ఎవరూ లేరు. అతను తిరిగి చూసి, ఒక బ్రెడ్డు కొనుక్కుని వెళ్ళాడు.

ఆ ఆదివారం నుంచి చివరి వరుసలో చివర కూర్చునేవాడు. ఎవరితోనూ తనంతట తాను మాట్లాడేవాడు కాదు. మనవాళ్ళే మాట్లాడేవాళ్ళు. వీధి చివర ఇంట్లో ఉండే టాక్సీ డ్రైవరు అతన్ని ఇంటి దగ్గర దింపేవాడు. పెద్దమ్మ అతని కోటుకు ఊడిన బొత్తాం అక్కడికక్కడే కుట్టిచ్చింది. అతనెవరో ఇద్దరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. “వాళ్ళకేం, వేళ్ళు పోయింది వాళ్ళ పిల్లకు కాదుగా” అన్నాను అమ్మతో. అమ్మ ఓవెన్ తలుపు తన్నింది.

బల్ల ఆదివారం మన దగ్గర ఎలా జరుగుతుందో నీకు తెలుసు. పాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను లెక్కపెట్టి, ఎంతమందో నా చెవిలో చెప్తారు. నేను పక్క గదిలోకి వెళ్ళి, తెచ్చిన రొట్టెను అన్ని ముక్కలూ కోస్తాను. మిగలకూడదు, తగ్గకూడదు. బస్సు కండక్టరుగా చేసిన మనిషి కాబట్టి ఆయన లెక్క తప్పదు. నా కత్తి కూడా తప్పదు.

పోయిన నెల బల్ల ఆదివారం ఆయన లెక్క చెప్పారు. నేను ఒక ముక్క తక్కువ కోశాను.

పొరపాటున కాదు. ఆఖరి రెండు ముక్కలను విడదీయకుండా ఒకటిగా ఉంచాను. పళ్ళెం ముందు వరుస నుంచి మొదలవుతుంది. చివర ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.

పళ్ళెం అతని దగ్గరికి ఖాళీగా వెళ్ళింది. నేను వెనక్కి తిరిగి చూశాను. చూడాలనే చూశాను. అతను పళ్ళెంలోకి కాసేపు చూసి, తీసుకున్నవాడిలాగే దాన్ని పక్కనున్న టాక్సీ డ్రైవరుకు తిరిగి ఇచ్చి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని ముందున్న వరుసలోంచి పెద్దమ్మ వెనక్కి తిరిగి తన ముక్కను రెండుగా తుంచింది. “ఇదిగో అబ్బాయ్, నాకు సగం చాలు. పళ్ళు కూడా సగమేగా ఉన్నాయి” అంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు అందరి ముందూ అతని దగ్గరికి వెళ్ళారు. “లెక్క నాది తప్పింది తమ్ముడూ, ఏమీ అనుకోకు.”

టాక్సీ డ్రైవరు ఊరుకుంటాడా? “ఏంటి పాస్టరుగారూ, టికెట్ లేనివాణ్ణి ఎవరినో ఎక్కించుకున్నారా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను పిచ్చుకా.

ఆ వారంలోనే పాస్టరుగారు కొట్టుకొచ్చారు. బల్ల మీద ట్రేలు జరుపుకుని కూర్చున్నారు.

“కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నా. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. కళ్ళు బాగుంటే మరి పోయింది బుర్రేగా?”

“అదేం లేదులెండి.”

“నిండు బస్సులో కూడా నా లెక్క ఎప్పుడూ తప్పలేదయ్యా. ఆ రోజు నీకు ఎంతమందని చెప్పాను? గుర్తుందా? నిజంగా నేనే తప్పు చెప్పానా?”

“గుర్తులేదండి” అన్నాను.

ఆయన తలూపి, ఇంటికి రెండు బన్నులు కట్టించుకుని వెళ్ళారు. నేను పిండిలో చేతులు పెట్టి నిలబడిపోయాను. ఆ ప్రశ్న ఇంతకుముందు విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. తప్పు చేయని మనిషి చేత, చేశానేమో అని అనిపించడం ఎలాగో నాకు బాగా తెలుసు. అలా చేసినవాణ్ణే ఇన్నాళ్ళూ తిట్టుకుంటున్నాను. అతను విచారణలో ఒక అబద్ధం ఆడాడు. నేను కొట్లో ఒకటి ఆడాను. అతను ఉద్యోగం పోతుందన్న భయంతో ఆడి ఉంటాడు. నాకు ఏ భయమూ లేదు.

అప్పుడే ఆయన వెనకాల పరుగెత్తి చెప్పేశాననుకుంటావు. చెప్పలేదు. తర్వాతి బల్ల ఆదివారం దగ్గరపడితే, మోకాలు నొప్పి, రొట్టె చేయలేనని కబురు పంపాను. అదే రోజు కొట్టుకు ఎప్పటిలాగే బ్రెడ్డు చేశాను. చర్చి రొట్టె పెద్దమ్మ చేసింది. పాస్టరుగారు ఈసారి తలుపు దగ్గర నిలబడలేదు. “ఇక నుంచి నువ్వే లెక్కపెట్టు బాబూ, నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది” అని టాక్సీ డ్రైవరును నిలబెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు ఆయన చేసిన ప్రసంగంలో నాకు ఒక్క ముక్కే తలకెక్కింది. ఈ బల్ల మనది కాదు, ఇక్కడ వడ్డించేవాడు కూడా పిలిస్తే వచ్చినవాడే, అర్హత చూసి పిలిస్తే ముందు ప్రసంగించేవాడే బయట నిలబడాలి అన్నారు. చర్చి నాదా అని నేను వెటకారంగా అడిగిన ప్రశ్నకు అది జవాబు.

రొట్టె పంచే ముందు మన దగ్గర కాసేపు మౌనంగా ఉంటాం కదా, ఎవరికి ఎవరితో పొరపొచ్చం ఉన్నా లేచి వెళ్ళి కలుపుకోమని. మామూలుగా ఎవరూ లేవరు. మొగుడూ పెళ్ళాలు మోచేత్తో పొడుచుకుని నవ్వుకుంటారు, అంతే. నేను లేచాను.

“పోయినసారి ముక్క తక్కువ కోసింది నేను. పాస్టరుగారి లెక్క సరైనదే. ఆయన ఎంతమందని చెప్పారో నాకు బాగా గుర్తుంది. వెనకాల అతనికి అందకూడదనే తగ్గించాను.”

పెద్దమ్మ గొంతు ముందుగా వినిపించింది. “తెలుసులే. ఇన్నేళ్ళలో నీ చేతిలో రొట్టె ఎప్పుడన్నా తగ్గిందా?”

“తెలిస్తే చెప్పలేదేం పెద్దమ్మా?”

“నువ్వు చెప్తావని చూశా. ఆలస్యం చేశావు.”

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట” అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా, “నాకు కోపం వచ్చిందయ్యా. రాలేదంటే నేనూ నీలాగే అబద్ధమాడినట్టు. ముందు అతని దగ్గరికి వెళ్ళు. నా సంగతి తర్వాత” అన్నారు.

నేను వెనక్కి వెళ్ళేసరికి అతను లేచి నిలబడి ఉన్నాడు.

“పళ్ళెం ఖాళీగా వస్తే, నాకు రావలసిందే వచ్చిందనుకున్నానండి” అన్నాడు. ఆ తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు. “వీళ్ళ అమ్మాయి గార్డు తీయలేదు. నేనే తీయించాను. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.”

ఈ మాట అతని నోటి నుంచి వినాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. వింటే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. నేను చేసిన పని నా దగ్గరే ఉంది. క్షమించమని అతన్ని అడిగాను. అతనూ అడిగాడు. నా వంతు నేను ఇచ్చాను. నీ వంతు ఇవ్వలేదు, అది నా చేతిలోది కాదు. ఇద్దరం పక్కపక్కన నిలబడి పెద్దమ్మ రొట్టె నమిలాం. ఇటుక నయం. అది మెత్తబడేదాకా ఇద్దరికీ మాట్లాడే పని లేకపోయింది.

మర్నాడు అతను ఫ్యాక్టరీకి వెళ్ళి అదే మాట మేనేజరుకు చెప్పాడు. పనిలోంచి తీసేశారు. టాక్సీ డ్రైవరు అతనికి ఎక్కడో పని చూస్తున్నాడు. మన కొట్లో మనిషి అవసరం ఉంది. నేను రమ్మనలేదు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మనసు పూర్తిగా మెత్తబడిందని నీకు రాయడం తేలికే. ఎంత మెత్తబడిందో అంతే రాస్తున్నాను.

ఇంటికి నడిచి వస్తూ అమ్మ ఒక్కటే అడిగింది. “పిల్ల కోసమే ఇదంతా అంటావు. పిల్ల అడిగిందా నిన్ను?” ఈ ఉత్తరంలో తన మాటగా రెండు ముక్కలు కలపమంటే కలపనంది. ఇది నువ్వొక్కడివే రాయాల్సిన ఉత్తరం అంది.

వచ్చే నెల రొట్టె నన్నే చేయమన్నారు పాస్టరుగారు. అయితే ఇక కోయొద్దట. మొత్తంగా తెస్తే చేతులు మారుతూ వెళ్తుంది, తర్వాతివాళ్ళకు మిగిల్చి ఎవరికి వాళ్ళు తుంచుకుంటారు అన్నారు. కత్తి ఇంట్లోనే ఉంటుంది.

నిన్న అతను మళ్ళీ కొట్టుకొచ్చాడు. నువ్వు వస్తున్నావని పెద్దమ్మ చెప్పిందట. “ఆ ఆదివారం నేను రానండి, అమ్మాయికి ఇబ్బంది” అన్నాడు. ఈసారి నేను చర్చి నాదా అనలేదు. అమ్మాయిని అడిగి చెప్తానన్నాను. అందుకే అడుగుతున్నాను. వస్తే చివరి వరుసలో కూర్చుంటాడు. వద్దంటే ఆ రోజు రాడు. నువ్వు ఎలా అంటే అలా, నీ బదులు నేను మళ్ళీ ఏమీ అనను. ఇది చదివాక నా చేతి రొట్టె వద్దనిపిస్తే అది కూడా మొహమాటం లేకుండా రాయి. పెద్దమ్మ సిద్ధంగా ఉంది. మీ పళ్ళు మీరు చూసుకోండి.

ఇంకొకటి. నువ్వడిగినవాటన్నిటికీ జవాబు రాశాననుకున్నాను. ఒకటి మిగిలిపోయింది. ఆసుపత్రిలో నువ్వు అడిగినప్పుడు, నీ పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట చెప్పకుండా పగ వెంట పోయాను.

నువ్వు తీయలేదమ్మా.

ఇట్లు,
ఇన్నేళ్ళు ఆలస్యంగా జవాబిస్తున్న
మీ నాన్న